అమ్మ దువ్వెన గుర్తు

మా అమ్మకు జబ్బు చేసిందని ఊళ్ళో ముందుగా పసిగట్టింది రొట్టెల బట్టీ అల్లాల్ తాత.

మా ఊళ్ళో పొద్దున్నే ప్రతి ఇంటి పిండీ చెక్క పలక ఎక్కి, పైన గుడ్డ కప్పుకుని ఆ బట్టీకే వెళ్తుంది. ఎవరి రొట్టె ఎవరిదో తెలియాలి కాబట్టి ఒక్కో ఇంటికీ ఒక్కో గుర్తు. హద్దా పిన్ని వాళ్ళది తాళంచెవి ముద్ర. నాన్న అక్క రఖియా అత్త వాళ్ళది నాలుగు వేళ్ళ గుంటలు. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెక్క దువ్వెనతో రెండు గీతలు నొక్కి, మధ్యలో వేలితో ఒక చుక్క పెడుతుంది. అల్లాల్ తాతకు అసలు గుర్తులతో పనే లేదు. రొట్టె మందం చూసి ఆ ఇంట్లో ముందురోజు గొడవైందో లేదో చెప్పేస్తాడంటారు. అందుకే మొగుడితో పోట్లాడిన మర్నాడు ఆడవాళ్ళు పిండిని మరింత ఒళ్ళు దగ్గర పెట్టుకుని పిసుకుతారు.

"వియామ్, ఇది మీ అమ్మ చేతి పిండి కాదే," అన్నాడు తాత ఒకరోజు, నా పలక మీది గుడ్డ తీసి.

నేను నా చెప్పుల వంక చూశాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు "ఉన్నాను" అనడానికి కూడా రెండుసార్లు గుటకలు మింగుతాను.

"అమ్మకు జలుబు," అన్నాను.

"పది రోజుల్నుంచా? అది జలుబు కాదు తల్లీ, చుట్టం."

జలుబు కాదని నాకూ తెలుసు. ఆలివ్ కోతలు అయిపోయిన దగ్గర్నుంచి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఏడుపు కూడా లేదు. ముద్ద నోట్లో పెడితే నమలడం మర్చిపోయేది. ఆ సాయంత్రం నేను తనకు జడ వేస్తుంటే, "నేను లేకపోతే మీ ఇద్దరికీ పని తగ్గుతుంది," అంది, ఉల్లిపాయలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా. నా చేతిలోంచి జడ జారిపోయింది. వెళ్ళి ఆ మాట నాన్నకు చెప్పాను. తెల్లారగానే ముగ్గురం పట్నం ఆసుపత్రికి వెళ్ళే బస్సెక్కాం.

అక్కడి డాక్టరమ్మ ఆ మాట గురించే అమ్మను సూటిగా అడిగింది, చాలాసేపు మాట్లాడింది. తర్వాత మాతో, "ఇది డిప్రెషన్. గట్టిగానే పట్టుకుంది. ఈవిణ్ణి ఒంటరిగా వదలకండి. పొద్దున టిఫిన్ తర్వాత ఒక మాత్ర. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పుతుంది, నోరు ఎండుతుంది, గుణం కనబడదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. నన్నడక్కుండా మానేయకండి. ప్రతి వారం తీసుకురండి," అంది. నాన్నకు చదువు రాదు. అందుకని అదంతా నేను నా డైరీలో రాసుకున్నాను, కింద ఒకటి నుంచి నలభై రెండు వరకు అంకెలు వేసుకున్నాను.

ఇక మొదలైంది పరామర్శల రాకపోకలు. మా ఊళ్ళో జబ్బు మనిషిని చూడ్డానికి ఒట్టి చేతులతో రారు. నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ ఒకటి తెస్తారు. వారం తిరిగేసరికి మా ఇంట్లో పన్నెండు దిమ్మలు చేరాయి. "ఇక మిగిలింది షుగరు జబ్బే," అన్నాడు నాన్న. దిమ్మతో పాటు ప్రతివాళ్ళూ ఒక వైద్యం కూడా తెచ్చారు.

"ఏంటే తురయా, నీకేం తక్కువే?" అంది రఖియా అత్త మంచం పట్టె మీద కూర్చుని. "ఫ్రిజ్జుందా? ఉంది. ఆవుందా? ఉంది. మా తమ్ముడు చెయ్యెత్తే రకమా? కాదు. దిగులు పడాల్సింది నేను, మా ముసలాడి గురకతో వేగుతున్నదాన్ని!"

"బద్ధకం ఒంట్లో చేరిందక్కా," అంది హద్దా పిన్ని. "రెండు ఉన్ని కంబళ్ళు ఏట్లో ఉతికిస్తే అదే దిగుతుంది."

"దిష్టి కూడా ఉంది. కళ్ళు చూడు, పటిక తిప్పి నిప్పుల్లో వెయ్యాల్సిందే."

పటిక తిప్పారు. నిప్పుల్లో కరిగి ఉబ్బిన ఆ ముద్దలో ఎవరి ముఖం కనిపిస్తే వాళ్ళదే దిష్టి. హద్దా పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గడ్డం ఉంది, పెద్ద ముక్కుంది," అంది. అత్త ఒక్కసారి ముక్కు తడుముకుని, పటిక సరిగా కాలలేదని తేల్చేసింది.

ఆ తర్వాత వాళ్ళ చూపు గూట్లో ఉన్న మాత్రల పెట్టె మీద పడింది.

"ఇవా! మా ఆడబిడ్డ తోడికోడలు ఇవే మింగి మింగి సొంత పేరు మర్చిపోయిందట," అంది పిన్ని.

"ఏ ఆడబిడ్డ?"

"ఉందిలే, నీకు తెలీదు. ఒకసారి అలవాటైతే చచ్చేదాకా వదలవట. పిచ్చాళ్ళకిచ్చేవి అక్కా ఇవి."

"పన్నెండు రోజులైంది, ఏదీ గుణం? తలనొప్పి బిళ్ళ వేసుకుంటే టీ తాగేలోపు తగ్గుతుంది!"

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. నాలుగు నుంచి ఆరు వారాలు అనే మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయింది.

పదమూడో రోజు పొద్దున గూట్లో పెట్టె లేదు.

"అత్త తీసుకెళ్ళింది," అంది అమ్మ, గోడకే చెబుతున్నట్టు. "పోనీలే. ఎలాగూ వాటితో ఏమవుతుంది."

ఆ 'పోనీలే' విన్నాక నేనిక ఆగలేదు. నాన్న దగ్గరకు పరిగెత్తాను. మా నాన్న ఒకసారి ఆలివ్ తోటలోకి వచ్చిన అడవిపందిని ఒంటరిగా తరిమిన మనిషి. కానీ అక్క ముందు మాత్రం ఆయనకు ఇంకా ఆరేళ్ళే.

"అక్కను నేనెట్లా అడగనే? పెద్దది కదా... నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే బాగుంటుంది. నేను మీ అమ్మ దగ్గర కూర్చుంటాలే."

పిండి పలక నెత్తిన పెట్టుకున్నాను. డైరీని ఒంటి మీది పొడుగు అంగీ, జెల్లాబా లోపల దోపుకున్నాను. బట్టీ దగ్గర ఆరుగురు ఆడవాళ్ళున్నారు. అత్త అందరికంటే ముందు నిలబడి, అలవాటు ప్రకారం తాత ప్రాణం తీస్తోంది.

"అయిందా అల్లాల్?"

"ఇప్పుడే పెట్టాను రఖియా."

తాత నా పలక అందుకుని నా ముఖంలోకి చూశాడు. "కళ్ళెందుకే అలా ఉబ్బాయి?"

డైరీ తీసి, ఆ పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాను. తాత దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు.

"బాగా రాశావు తల్లీ. ఏం రాశావో చదివి పెట్టు. నాకు రొట్టెలే చదవడం వచ్చు."

అందరూ నవ్వారు. ఇక దారి లేదు. రెండు గుటకలు మింగాను. మూడోది కూడా మింగబోయి ఆగి, చదివాను. మాత్ర ఎప్పుడు వెయ్యాలో, గుణం ఎన్నాళ్ళకు కనబడుతుందో, మానేయకూడదని ఎవరు చెప్పారో. చివరి మాటలు పేజీలో లేవు. "ఈరోజు పదమూడు. పెట్టె అత్త దగ్గరుంది. తను లేకపోతే మాకు పని తగ్గుతుందని మా అమ్మ అంది."

ఎవరూ నవ్వలేదు. అత్త ముఖం ఎర్రబడింది. "నేనేమన్నా దొంగనా? గురువారం దర్గాకు తీసుకెళ్దామనుకున్నా. ఆ విషం మింగుతుంటే దీవెన ఎక్కడ అంటుతుంది? దాని మంచికే కదా!"

తాత రొట్టెలు తీసే పొడుగాటి చెక్క తెడ్డును గోడకు ఆనించాడు. "ఆరేళ్ళ కిందట ఈ బట్టీ నాలుగు నెలలు ఆరిపోయింది, గుర్తుందా?"

"ఎందుకు లేదు? నువ్వు మెక్నెస్‌లో కొడుకు దగ్గరున్నావుగా," అంది హద్దా పిన్ని.

"ఉన్నాను. మంచంలో. ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. మొదటి మాత్ర పడలేదు, డాక్టరు మార్చాడు. రెండోది మొదలెట్టిన ఐదో వారంలో ఒక పొద్దున పక్కింట్లోంచి రొట్టె మాడిన వాసన తగిలింది. 'ఎవరురా ఆ వెధవ, మంట చూసుకోవద్దా' అన్నాను. మా వాడు ఏడ్చేశాడు. నాలుగు నెలల తర్వాత నేను ఒకణ్ణి తిట్టాను మరి."

"నువ్వు కూడా ఆ మాత్రలు..." పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది.

"రెండేళ్ళు మింగాను. డాక్టరు మెల్లగా తగ్గించాడు. నా పేరు అల్లాల్. చూడు, మర్చిపోలేదు. నీ రొట్టె ఏదో కూడా మర్చిపోలేదు, ఉప్పెక్కువ వేసేది నువ్వే."

తర్వాత తెడ్డు తీసి బట్టీలోకి దూర్చాడు. నాలుగు వేళ్ళ గుంటలున్న రొట్టె ఒకటి తెల్లగా, మెత్తగా బయటకొచ్చింది.

"ఇదిగో రఖియా. తీసుకుపో."

"అయ్యో, పచ్చిగా ఉంది కదా! ఇంకా కాలనే లేదు!"

"చాలాసేపైంది కదా, గుణం కనబడలేదు. ఈ బట్టీ పనికిరాదేమో."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్త తాతను, రొట్టెను, చివరికి నన్ను చూసింది. ఏదో గొణుక్కుంటూ జుబ్బాలోకి చెయ్యి పెట్టి, వెచ్చబడిన మాత్రల పెట్టె తీసి నా చేతిలో కుక్కింది.

"అయినా గురువారం దర్గాకు తీసుకెళ్తా."

"తీసుకెళ్ళు. పొద్దున మాత్ర వేసుకుని వస్తుంది," అన్నాడు తాత, రొట్టెను మళ్ళీ లోపలికి నెడుతూ.

టిఫిన్ వేళ ఇంకా దాటలేదు. ఇంటికెళ్ళి అమ్మకు మాత్ర వేయించి, డైరీలో పదమూడో అంకె మీద గీత పెట్టాను.

ఆ తర్వాతేమీ చప్పున మారలేదు. అత్త రోజూ వచ్చి అమ్మ పక్కన కూర్చునేది. ఫ్రిజ్జు మాట ఎత్తడం మానేసి, మా మామ గురక గురించి చెప్పేది. ఇరవై ఒకటో రోజు అమ్మ మళ్ళీ ముద్ద ముట్టలేదు, నాకు భయమేసింది. ఇరవై ఆరున తనే స్నానం చేసింది. ముప్పై నాలుగో రోజు, నేను పిండి పిసుకుతుంటే ఒక చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది.

"ఉప్పేది? ఇన్నాళ్ళూ మీ నాన్న ఇదే తింటున్నాడా?"

నేను తలవంచుకుని తిట్లన్నీ ఆనందంగా తిన్నాను. అమ్మ నెమ్మదిగా గూట్లోంచి దువ్వెన తీసింది. నా రొట్టెల మీద రెండేసి గీతలు నొక్కి, మధ్యలో చుక్కలు పెట్టి, అలిసిపోయి మళ్ళీ పడుకుంది. ఈసారి తలుపు వైపు తిరిగి.

బట్టీ దగ్గర అల్లాల్ తాత గుడ్డ తీసి చాలాసేపు చూశాడు.

"గుర్తు మీ అమ్మదే," అన్నాడు. "రొట్టె మాత్రం నీదే. ఇంకా కొన్నాళ్ళు భరిస్తాంలే."