హద్దులమ్మ గారి ఆస్తి

నేను ఒక భూస్వామిని. నవ్వకండి. రిజిస్ట్రారు ఆఫీసులో నా పేరు మీద దస్తావేజు ఉంది, కొబ్బరి చెట్లతో సహా. పుట్టుకకు మాత్రం రాయినే. కోరుకొండ అవతల క్వారీలో నన్ను కోసి, నెత్తిన బాణం గుర్తు చెక్కి, లారీలో పడేసి ఈ కోనసీమ ఊరికి తెచ్చారు.

సర్వేయరు నన్ను హద్దుగా పాతిన చోట ఒక పక్క పితాని అబ్బులు కొబ్బరి తోట, రెండో పక్క వీరవేణి దారి. వీరవేణి జాకెట్లు కుట్టి కూడబెట్టుకుని వెనకాల చిన్న స్థలం కొనుక్కుంది. రోడ్డు నుంచి ఆ స్థలానికి వెళ్ళే దారి కూడా ఆమె దస్తావేజులోనే ఉంది. హక్కు కాగితంలో ఉంటుంది, స్వాధీనం కాళ్ళ కింద ఉంటుంది. ఆ రెండూ తగువులాడుకోకుండా చూడటం నా ఉద్యోగం. జీతం లేదు. కుక్కల మర్యాదలు మాత్రం రోజూ జరిగేవి.

అబ్బులు మంచివాడే, పక్కవాళ్ళ నేల కంటపడనంతసేపు. చెట్లకు పాదులు తవ్విన ప్రతిసారీ నన్ను కాస్త ఆమె దారిలోకి జరిపేవాడు. నా వెనకే అతని కంచె. చివరికి ఇటుకల ట్రాక్టరు లోపలికి పట్టనంతగా దారి సన్నబడిపోయింది. వీరవేణి ఇల్లు కిటికీల ఎత్తు దగ్గర ఆగిపోయింది. వానలు దగ్గరపడుతున్నాయి, సిమెంటు బస్తాలు చెమ్మ పడుతున్నాయి. ఆమె ఆ సగం గోడల మధ్య కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆమె కొలత వేయమని అర్జీ పెట్టింది. అబ్బులుకు దిక్కుతోచలేదు. సర్వేయరు వచ్చే రోజు పొద్దున్నే నన్ను పెకలించి, దారికి నట్టనడుమ పాతి, ఒళ్ళంతా పసుపు పూసి, వేపమండలు కట్టి, "అమ్మోరు ఎలిసిందండోయ్!" అని కేక పెట్టాడు. ఊరు పరిగెత్తుకొచ్చింది. నా నెత్తి మీది బాణాన్ని చూసి త్రిశూలమన్నారు. సర్వేయరూ వచ్చాడు. స్వయానా నన్ను పాతిన మనిషి! చెప్పులు విప్పి, కొలత గొలుసు పక్కన పెట్టి, లెంపలేసుకుని, ప్రసాదం కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. ఏం చెప్పమంటారు!

"దేవతని కదపకూడదు కదేటమ్మా," అన్నాడు అబ్బులు వీరవేణితో, మహా భక్తిగా.

"ఆయ్, కదపకూడదండి," అంది ఆమె. అంతే అంది.

మంగళవారం నాకు మొదటి నైవేద్యం. డప్పులు జోరందుకోగానే వీరవేణి జుట్టు విరబోసుకుని ఊగిపోయింది.

"ఒరే అబ్బులూ! నన్ను దారిలో కూకోబెడతావురా? పోయేవాళ్ళ దుమ్మంతా నా మొహానా? నీ తోటలో నీడ కావాల్రా నాకు! నా చుట్టూ జనం తిరగడానికి చోటు కావాలి! రాసియ్యి!"

నేను ఉత్త రాయినని అబ్బులుకు తెలుసు. కానీ ఆ మాటంటే, నీకెలా తెలుసని అడుగుతారు. పైగా అతని చేతులు వాటంతటవే దండం పెట్టేశాయి. తాను పూసిన పసుపును తానే నమ్మడం మొదలుపెట్టాడు, పాపం.

"ఇచ్చేత్తానమ్మా! శాంతించు తల్లీ!"

ఊరివాళ్ళు అబ్బులుని ప్లీడరు దగ్గరికి తీసుకెళ్తే, నోటిమాట చాలదన్నాడాయన. "భూమి దానమంటే కాగితం మీద రాసి, సాక్షుల్ని పెట్టి రిజిస్టరు చేయించాలండి. ఆ తర్వాత మనసు మారిందంటే కుదరదు. దేవతకి ఆస్తి ఉండొచ్చండి, కాకపోతే చట్టం లెక్కలో ఆవిడ ఎప్పటికీ మైనరు. ఆవిడ తరఫున చూసుకోడానికి సంరక్షకులుండాలి. ఇంతకీ అమ్మవారి పేరేంటండి?"

అబ్బులు అప్పటికప్పుడు పేరు పెట్టేశాడు. "హద్దులమ్మండి."

సంరక్షకులెవరని ఊరు ఆలోచించనే లేదు. అమ్మవారు ఎవరి మీదికొస్తే వాళ్ళే, అంటే వీరవేణే. అబ్బులే నన్ను భుజాన మోసుకెళ్ళి తన చెట్ల నడుమ పాతాడు. సర్వేయరు ఈసారి ఉత్తకాళ్ళతో వచ్చి నా స్థలం కొలిచాడు. ఆ కొలతలో వీరవేణి దారి కూడా తేలింది, కంచె వెనక్కి పోయింది. నా స్థలానికి హద్దు రాళ్ళు వేరే వేశారు. ఇటుకల ట్రాక్టరు లోపలికెళ్ళింది. వానలకు ముందే వీరవేణి ఇంటికి స్లాబు పడింది.

ఇప్పుడు నా చెట్ల కింద రాలిన కాయను అబ్బులు ముట్టుకోడు. కుక్కలు కూడా దూరంగా పోతున్నాయి. ఒక్క సంగతి మాత్రం నా కడుపులో ఉండిపోయింది. ఆ రోజు నేను వీరవేణి మీదికి రాలేదు. ఎలా రావాలో కూడా నాకు తెలియదు.

నా ముందు దీపం పెట్టినప్పుడల్లా ఆమె చిన్నగా నవ్వుతుంది. ఊరందరికీ చెప్పేద్దామనిపిస్తుంది. కానీ మైనరుని కదా, నా తరఫున మాట్లాడాల్సింది కూడా ఆవిడే.