విభక్తి దోషం

తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా ఇంట్లో ఆమె ఇంకా చిట్టే. బయట మాత్రం పేరున్న ఎడిటరు. అందరి సినిమాలూ కత్తిరించి అతికించిన మనిషి, ఇన్నాళ్లకి సొంతంగా ఒక డాక్యుమెంటరీ తీసింది. చిన్నప్పుడు తండ్రి తమని వదిలేసి వెళ్లిపోవడం గురించి. అమ్మ చూసి సరేనంటేనే బయటికి వదులుతానని మాటిచ్చింది. ఇవ్వడమైతే ఇచ్చింది గానీ, అమ్మ కాదంటే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు.

అమ్మ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. అక్కడ చాటుమాటుగా అందరూ ఎర్రసిరా అనేవాళ్లు. రిటైరైనా చేతి దురద పోలేదు. మందుసీసా మీద చీటీలో తప్పు పట్టకుండా మందు కూడా తాగదు.

ఆదివారం మధ్యాహ్నం ఎడిటింగ్ గదిలో కర్టెన్లు మూసి, ఉన్న ఒక్క మంచి కుర్చీలో అమ్మని కూర్చోబెట్టి చిట్టి సినిమా మొదలుపెట్టింది. కాసేపటికి తెర మీదికి పెద్దమ్మ వచ్చింది. "మా చెల్లెలు, మొగుడు వదిలేసిన మనిషి, పాపం. అయినా తలెత్తుకుని బతికింది," అంటూ కళ్లు ఒత్తుకుంది. ఆ మాటలే కింద అక్షరాల్లో కూడా పడ్డాయి.

"ఆపు. తప్పుంది," అంది అమ్మ.

చిట్టి ఉసూరుమంటూ ఆపింది. "ఏం, ఒత్తు పోయిందా?"

"ఒత్తు కాదు, విభక్తి. మొగుడు వదిలేసిన మనిషి కాదు, మొగుణ్ణి వదిలేసిన మనిషి."

"పెద్దమ్మ అన్నది అదేనమ్మా. అన్నది అన్నట్టు వెయ్యాలి."

"నేను చెప్పబట్టే అలా అంది. ఆయన వెళ్లలేదు, నేనే వెళ్లగొట్టాను. పెట్టె గుమ్మం బయట పెట్టి గడియ వేసుకున్నాను. కర్తా నేనే, క్రియా నాదే. కర్మ ఒక్కటే ఆయనది."

చిట్టికి కోపం వచ్చింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు దాచావు?"

"మొగుడు వదిలేశాడంటే అయ్యో పాపమని ఇల్లు అద్దెకిచ్చారు, ప్రెస్సులో ఉద్యోగం ఇచ్చారు. మొగుణ్ణి వదిలేశానంటే గుమ్మమైనా ఎక్కనిచ్చేవారా? జాలి ఊరికే వస్తుంటే పుచ్చుకున్నాను. సిగ్గేం పడలేదు." అమ్మ గొంతులో బెరుకు లేదు. "ఇప్పుడు ఇల్లు మనదే, ఉద్యోగం అయిపోయింది. ఇంక దిద్దుకోవచ్చు. కానియ్యి, మిగతాది చూపించు."

మిగతాది చూపించడానికే చిట్టి జంకింది. చివర్లో ఉన్నది తన గొంతు. అయినా మీట నొక్కింది. తెర మీద ఖాళీ గుమ్మం, దాని మీద ఆమె మాటలు: "నేను నాన్న రేడియో పగలగొట్టాను. మర్నాటికి నాన్న లేడు. నావల్లే వెళ్లిపోయాడు." ఎవరి దగ్గరా అనలేని ఈ మాట కోసమే ఆమె సినిమా అంతా తీసింది.

ఈసారి అమ్మ ఆపమనలేదు. బొమ్మ అయిపోయాక చిట్టివైపు తిరిగింది.

"ఇది మోస్తున్నావా ఇన్నాళ్లూ? నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

"నువ్వు అన్నావా?"

అమ్మ చిట్టి ఎడమచెయ్యి దగ్గరికి లాక్కుని మోచేతి మీద నిమిరింది. ఆ చెయ్యి కాస్త వంకర. మెట్ల మీంచి పడ్డావని అమ్మ చెబితే చిట్టి నమ్మింది. రేడియో పగలడం వరకే ఆమెకి గుర్తు, ఆ తర్వాతదంతా ఇంట్లోవాళ్లు చెప్పిందే.

"మెట్లూ లేవు, పడిందీ లేదు. రేడియో పగలగొట్టావని నీ చెయ్యి విరగ్గొట్టాడు. నన్ను కొట్టినన్నాళ్లూ సర్దుకున్నాను, అది నా బుద్ధితక్కువ. ఆరోజు నీకు కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చి, ఆయన పెట్టె సర్దాను."

చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆ చెయ్యి వదలకుండా ఆమెని ఏడవనిచ్చింది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"కెమెరా పెట్టు. ఇదంతా నేనే చెబుతాను, మీ పెద్దమ్మ కూడా వింటుంది. ముందు ఆ చివరి మాట దిద్దు."

"అదీ విభక్తేనా?" అంది చిట్టి ముక్కు తుడుచుకుంటూ.

"విభక్తే. పంచమి వేశావు, అక్కడ చతుర్థి పడాలి. నీవల్ల కాదే పిచ్చిదానా, నీకోసం."