కిటికీ పంపకం

పంపకాల్లో నా పేరు నందిగామ నుంచి పెనుగంచిప్రోలు దాకా తెలుసు. చెవిటికల్లులో ఇద్దరు అన్నదమ్ములకు ఒక కోడిపుంజును కోయకుండా పంచాను. వారంలో మొదటి సగం కూత పెద్దవాడిది, తక్కింది చిన్నవాడిది. ఆ పుంజు నా తీర్పును ఎంత గౌరవించేదంటే, చిన్నవాడి రోజున పొరపాటున పెద్దవాడి గోడ ఎక్కితే నోరు మూసుకుని కూర్చునేది.

అలాంటి నా దగ్గరికి రెండువేల ఏడులో ఒక వింత పంపకం వచ్చింది.

జగ్గయ్యపేట ఇనుము వ్యాపారి భవానీప్రసాద్ కొడుకు నాగసాయి, పెనుగంచిప్రోలు ప్రేమానందం మాస్టారి కొడుకు బెన్ని కలిసి చదువుకున్నారు. నందిగామలో జిరాక్సు షాపు మేడ మీద గది తీసుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా ఇద్దరూ ఒక ప్లగ్-ఇన్ తయారు చేశారు. అదేమిటో బెన్ని నాకు విడమరిచి చెప్పాడు. పెద్ద కంపెనీలు తమ కాగితాలన్నీ దాచుకునే గోదాములు కంప్యూటర్లో ఉంటాయి. వాటికి ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాటిమాటికీ లోపలికెళ్ళి చూసి రానక్కర్లేకుండా, కూర్చున్న చోటనే గోడకు కిటికీ పెట్టినట్టు ఈ ప్లగ్-ఇన్. దాని గుట్టంతా బయటే పెట్టారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇప్పుడా ఇద్దరికీ చెడింది. పాతరకం గోదాములకు ఆ కిటికీ తీసేద్దామని నాగసాయి, ఉంచాల్సిందేనని బెన్ని. మాటా మాటా పెరిగి విడిపోతామన్నారు. ఒకే క్యారియరులో అన్నం తిన్న కుర్రాళ్ళు!

"పంచే వంకతో ఎలాగైనా కలిపెయ్యండి సాంబయ్యగారూ," అన్నారు ప్రేమానందం మాస్టారు.

ఆదివారం చర్చి అయ్యాక తండ్రులిద్దరితో ఆ గదికి వెళ్ళాను. కుర్రాళ్ళు చెరో గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

"సరుకు చూపించండి. ముందు సగం ఒకడికి, వెనక సగం ఒకడికి," అన్నాను.

"సగం ఎందుకు తాతా? మొత్తం వాణ్ణే తీసుకోమను," అన్నాడు బెన్ని.

"మరి నీకు?"

"నాకూ మొత్తం."

"ఏరా, పొద్దున్నే ఏమన్నా తాగావా?"

"నిజమే తాతా," నాగసాయి గోడతోనే చెప్పాడు. "ఎవరు తీసుకున్నా అది తరగదు. నువ్వు కావాలన్నా మొత్తం వస్తది."

భవానీప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పంచితే తగ్గాలి, తగ్గితే ఏడవాలి, ఏడిస్తే నేను ఓదార్చాలి. అదీ పద్ధతి. ఎవరికీ ఏమీ తగ్గకపోతే రాజీకి కొస ఎక్కడ పట్టుకోను?

"అయితే విడిపోతే మీకేం నష్టం లేదన్నమాట."

ఇద్దరూ కుర్చీలు గోడలకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు.

"సరే, నాకూ వాటా ఉందన్నారుగా. నా వాటా చూపించు. ఆ పాత కిటికీయే చూపించు," అన్నాను బెన్నితో.

బెన్ని తెరిచాడు. తెర మీద గోదాములోని కాగితాల పేర్ల వరుస కదిలి ఆగిపోయింది. ఎర్రటి అక్షరాలు పడ్డాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఎరుపే.

"ఇదేనట్రా నా వాటా? అద్దాలు పగిలిన కిటికీనా?"

బెన్ని చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఏదో కొట్టాడు, చెరిపాడు. వెనకాల కుర్చీ కిర్రుమంది.

"అక్కడ కాదురా, పైన," అన్నాడు నాగసాయి. "గోదాము తలుపు తెరిచావు, మూశావా?"

"మూశా."

"ఏం మూశావు! తప్పొస్తే మూయకుండానే బయటికొచ్చేస్తోంది. జరుగు."

"నీకెందుకు? పాతది వద్దన్నావుగా."

"వద్దన్నా. అయితే మాత్రం మనం రాసింది ఇలా ఏడుస్తుంటే చూస్తూ కూర్చోనా? జరగరా బాబూ!"

బెన్ని సగం కుర్చీ ఇచ్చాడు.

"ఇది నాకు ముందే చూపించాల్సింది," అన్నాడు నాగసాయి.

"నువ్వు మాట్లాడితేగా!"

ఏదో అనబోయిన భవానీప్రసాద్ చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగాను. మాస్టారు చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని దిగారు. కింద ముగ్గురం టీ చెప్పుకున్నాం.

"ఇంతకీ పంపకం ఏమైనట్టండీ?" అని అడిగాడు భవానీప్రసాద్.

"అయిపోయింది. కిటికీ మొత్తం నాకొచ్చింది," అన్నాను. "మీ వాళ్ళిద్దర్నీ రిపేరుకు పెట్టుకున్నా."