ఒక మూర తక్కువ

సముద్రం సీసం రంగుకు తిరిగింది.

పొద్దున్నుంచీ అదే రంగు. ఎండ లేదు. నీడా లేదు. నీటికీ ఆకాశానికీ మధ్య ఉండాల్సిన గీతను ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు... అంతా ఒకటే బూడిద.

వానలు వెనకబట్టి, చలి ఇంకా పూర్తిగా దిగని రోజులు. ఈ రోజుల్లో సముద్రం అరవదు. మూలుగుతుంది. గాలి ఈశాన్యం నుంచి వస్తుంది — చెప్పులు విప్పకుండా ఇంట్లోకి వచ్చేసే చుట్టంలా. వచ్చాక ఓ పట్టాన పోదు.

ఇలాంటి గాలులు నేను చాలా చూశాను. ఒక ఏడు వీచిన గాలికి పక్క ఊరి కోడికూత కొట్టుకొచ్చి, వాళ్లకంటే ముందు మేమే నిద్ర లేచాం. ఇంకో ఏడు, మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లు నాకు ఒక్కటీ తగల్లేదు. నాలుగిళ్ల అవతల చుట్ట కాల్చుకుంటున్న పడవల మేస్త్రికి మొత్తం తగిలాయి. అతను ఆ రోజుతో చుట్ట మానేశాడు. నమ్మనివాళ్లు అతన్నే అడగవచ్చు. అతను పోయి పదేళ్లయింది, అది వేరే సంగతి.

నోటితో నేను చాలా అబద్ధాలు చెప్పాను.

అవి ఎవరినీ ముంచలేదు.

చేత్తో చెప్పింది ఒక్కటే.

నా పని లోతు చూడడం. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట, నీటి అడుగున ఇసుక మేట ఉంటుంది. వానలు ఉన్నన్నాళ్లు ఏరు దాన్ని బయటికి తోస్తుంది. వానలు వెనకబట్టాక సముద్రం తిరిగి లోపలికి తోస్తుంది. ఇద్దరు తోడికోడళ్లు ఒకే చాపను చెరోవైపు లాక్కున్నట్టు. ఈ కాలంలో సముద్రానిదే పైచేయి. మేట పెరుగుతుంది. నిన్నటి లోతు ఇవాళ ఉండదు.

రోజూ చిన్న పడవలో మేట మీదికి వెళతాను. తాడు చివర సీసపు గుండు. తాడుకు మూరమూరకూ ఒక ముడి. గుండు వదులుతాను. ఇసుక తగిలిన కబురు తాడులోంచి చేతికి వస్తుంది. ముళ్లు లెక్కపెట్టుకుంటాను. ఒడ్డుకు వచ్చి, గట్టు మీది పొడుగాటి కొయ్యకు నల్లబుట్టలు ఎగరేస్తాను.

మూరకు ఒక బుట్ట.

సముద్రంలో ఉన్న పడవలు దూరం నుంచే ఆ బుట్టలు చూసుకుంటాయి. చాలినంత లోతుంటే లోపలికి వస్తాయి. లేకపోతే బయటే ఆగుతాయి.

ఏడు మూరలుంటే ఆరు బుట్టలు కట్టేవాణ్ణి.

ఎనిమిది ఉంటే ఏడు.

ముప్ఫై ఏళ్లుగా అంతే. ఒక మూర తక్కువ.

నాకెవరూ ఇది నేర్పలేదు. నిజం చెబితే మనుషులు నిజం అంచు దాకా వస్తారు. అంచు దగ్గర కాలు జారుతుంది. అందుకని ఒక మూర ఇవతలే ఆపేవాణ్ణి. ఆ మూర నా దగ్గర దాచిపెట్టుకున్నాను — ఊరి ప్రాణాలన్నీ మూట కట్టి అటక మీద పెట్టుకున్నట్టు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెకు చెబితే గాలి సాయం అక్కర్లేకుండానే ఊరంతా తెలిసేది.

మా అల్లుడి పడవ వెళ్లి మూడు రోజులయింది. అతనితో ఇంకో అయిదుగురు.

వెళ్లిన రోజు నీళ్ల మీద నూనె పోసినట్టుంది. అతను చుక్కాని దగ్గర నిలబడి, నా వైపు చూసి నవ్వాడు.

"మామయ్యా, నేనొచ్చేసరికి మేట మీద నాలుగు బిందెలు నీళ్లు ఎక్కువ పోయించి ఉంచండి."

"నువ్వే నాలుగు ముద్దలు తక్కువ తిను. పడవ దానంతటదే తేలుతుంది" అన్నాను.

మా అమ్మాయి మా ఇద్దరినీ కసిరింది.

రెండో రోజు గాలి లేదు. కానీ అలలు వచ్చాయి. పొడుగ్గా, నున్నగా, ఒకదాని వెనక ఒకటి — తొందర లేకుండా. గాలి లేకుండా వచ్చే అలలు నాకు నచ్చవు. ఎక్కడో కనబడనంత దూరంలో ఏదో పుట్టిందని అర్థం. అది బయలుదేరింది. దారిలో ఉంది.

మూడో రోజు వచ్చేసింది.

రేవు గుమాస్తా నల్లపలక మీద సుద్దతో రాశాడు. గాలి ఈశాన్యం. గంటకు నలభై మైళ్లు, ఇంకా పెరుగును. అలలు పద్నాలుగు అడుగులు. చూపు ఆనదు. పడవలు బయటికి పోరాదు.

బయట ఉన్నవాళ్ల గురించి పలక మీద ఏమీ లేదు.

"ఎన్నాళ్లుంటుంది బాబూ ఇది?" అన్నాను.

"వాతావరణం వాళ్ల కాగితంలో రెండు రోజులని వచ్చింది పెద్దాయనా."

"ఆ కాగితం సముద్రానికి చదివి వినిపించావా?"

గుమాస్తా ఎప్పుడూ నా మాటలకు నవ్వేవాడు. ఆ రోజు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. అతని తమ్ముడు మా అల్లుడి పడవలోనే ఉన్నాడు.

మధ్యాహ్నం మేట మీదికి వెళ్లాను. వెళ్లకూడదు. వెళ్లాను. నురుగు ముఖాన కొడుతోంది. నోట్లో ఉప్పు. చెవుల్లో ఉప్పు. గుండు వదిలాను. వేళ్లు కొయ్యబారిపోయాయి. అయినా కబురు అందింది.

ఏడు మూరలు.

ఒడ్డుకొచ్చి బుట్టల గది తలుపు తీశాను. రేకుల కప్పు దడదడలాడుతోంది. గది నిండా తారు వాసన. చేయి తనంతట తానే ఆరు బుట్టలు తీసింది. ముప్ఫై ఏళ్ల అలవాటు.

అప్పుడు ఆగాను.

అల్లుడి పడవ ఖాళీగా ఉంటే దానికి ఆరు మూరలు కావాలి. ఇలాంటి అలల్లో ఇంకాస్త. చేపలతో నిండితే ఏడున్నర. ఆరు బుట్టలు కనబడితే అల్లుడు ఏం చేస్తాడు? ఖాళీ చేసినా చాలదనుకుంటాడు. వెనక్కి తిప్పుతాడు. ఇంకో రేవు నలభై మైళ్లు, గాలికి ఎదురు. ఆ నీళ్లలో పడవ తెల్లారే దాకా నిలవదు.

ఏడు కనబడితే — పట్టిన చేపలన్నీ నీళ్లలోకి పారబోస్తాడు. తేలికవుతాడు. మెల్లగా, అల వీపు మీద కూర్చుని, వచ్చేస్తాడు.

ఏడో బుట్ట తీశాను.

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ కొయ్య మీద నిజం ఎగిరింది.

పొద్దు వాలకముందే పడవ కనబడింది. బూడిదలో ఒక నల్లచుక్క. తేలుతుంది. మునుగుతుంది. తేలుతుంది.

మా అమ్మాయి ఐసు ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకొచ్చింది. చేతులకు ఇంకా ఐసు ముక్కల తడి. ఆయాసపడుతూ కొయ్య వైపు తలెత్తింది. పెదవులు కదిపి లెక్కపెట్టుకుంది. మూడు రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను.

"హమ్మయ్య. ఏడు కట్టావు. అంటే ఎనిమిదుంది. చేపలు పారబొయ్యక్కర్లేదు."

"ఏడంటే ఏడే" అన్నాను.

"నా దగ్గర కూడానా నాన్నా? నీ బుట్టలకి ఒకటి కలుపుకోవాలని ఈ ఒడ్డున ఎవరికి తెలీదు? పెళ్లయిన వారానికే ఆయన చెప్పారు. మీ నాన్న ఒక మూర మింగేస్తారు, మేం కక్కించుకుంటాం అని."

గాలి ఆగినట్టయింది. ఆగలేదు. నాకు వినబడలేదు, అంతే.

"ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. నీ ముందు అనరు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

ముప్ఫై ఏళ్లు నేను వాళ్లను కాపాడుతున్నాననుకున్నాను. ముప్ఫై ఏళ్లు వాళ్లు నా ముచ్చట తీరుస్తూ వచ్చారు. నేను ఒకటి తీసేవాణ్ణి. వాళ్లు ఒకటి కలిపేవాళ్లు. పడవలు క్షేమంగా వచ్చేవి.

"నాన్నా, ఎందుకలా చూస్తున్నావు?"

"ఇవాళ నిజమే కట్టాను తల్లీ."

ఆమె కొయ్య దగ్గరికి ఉరికింది. నేనూ ఉరికాను. తడికి తాడు ఉబ్బి, కప్పీలో బిగుసుకుపోయింది. ఇద్దరం వేలాడాం. ఆమె అరచేతులు చీరుకుపోయాయి. లాగాం. లాగాం.

ఒక బుట్ట దిగింది.

ఆరు.

ఇప్పుడు ఆరంటే ఏమనుకుంటాడు? ఆరనా? ఏడనా? ముసలాడికి మతి పోయిందనా? ఆ బుట్టలతో నేను ఇంకే మాట చెప్పగలను? నిజం చెబితే ఎనిమిదనుకున్నారు. అబద్ధం చెబితేనే నిజం అందేది. ఇప్పుడు నేను చెప్పిందేమిటో నాకే తెలియదు.

పడవ ముక్కు ఇటు తిరిగింది. దాని వెనక ఒక్క పక్షి లేదు. చేపలు పారబోసిన పడవ వెనక పక్షులు మబ్బు పట్టినట్టు మూగుతాయి.

ఒక్క పక్షి లేదు.

పడవ నిండుగా, బరువుగా, ధీమాగా వస్తోంది.

మొదటి అల ఎత్తింది. దించింది.

రెండో అల ఎత్తింది. దించింది.

మూడో అల దించినచోట పడవ ఆగిపోయింది. నడుస్తున్న మనిషి ఏదో మరిచిపోయి నిలబడిపోయినట్టు.

నాలుగో అల వెనక నుంచి వచ్చింది.

ఊరంతా నడుములకు తాళ్లు కట్టుకుని నీళ్లలోకి దిగింది. చీకటి పడేలోపు ఒక్కొక్కరే వచ్చారు. గుమాస్తా తమ్ముడు వచ్చాడు. గుమాస్తా అతని తడి జుట్టు పట్టుకుని, వదలకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా అమ్మాయి లెక్కపెట్టింది. అయిదుగురు. మళ్లీ లెక్కపెట్టింది.

అయిదుగురే.

గుమాస్తా తమ్ముడు వణుకుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పారబోద్దామా అని నేను అడిగాను. బావ కొయ్య వైపు చూశాడు. మామయ్య ఏడు కట్టారు, ఎనిమిదుంది, పద అన్నాడు."

నీళ్లు ఉమ్మాడు.

"చివర్లో ఒక బుట్ట దిగింది. అదీ చూశాం. పెద్దాయనకి భయమేసినట్టుంది అని... నవ్వాడక్కా."

తెల్లారింది.

గాలి తగ్గింది. కాగితం చెప్పిన రెండు రోజులు ఒక్క రోజుకే అయిపోయాయి. అలలు మాత్రం పోలేదు. పొడుగ్గా, నున్నగా వస్తూనే ఉన్నాయి. అవతల నీళ్లలో వేరే ఊళ్ల పడవలు మూడు. ఒకదాని తెరచాప కొయ్య విరిగింది. రాత్రంతా అలలతో కొట్లాడి, లోపలికి రావడానికి నా బుట్టల కోసం చూస్తున్నాయి.

చిన్న పడవ తోశాను. మా అమ్మాయి వచ్చి ఎక్కింది. వద్దని అనలేకపోయాను. తెడ్డు తనే తీసుకుంది. అరచేతులకు గుడ్డలు చుట్టుకుంది. దారంతా నీళ్లలోకే చూస్తూ తెడ్డు వేసింది.

మేట మీద గుండు వదిలాను.

ఇసుక కబురు మెత్తగా ఉంటుంది. నిద్రలో ఉన్న మనిషి భుజం తట్టినట్టు. ఇది అలా రాలేదు. గట్టిగా వచ్చింది. చెక్క. మూడు ముళ్లకే తగిలింది.

చేయి తాడు మీదే ఉండిపోయింది. ఆమె చూసింది. ఏం తగిలిందో అడగలేదు. అడిగితే నేనేం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

పడవను పక్కకు తిప్పింది. మళ్లీ వదిలాను. ఇసుక. ఇంకా పక్కకు. ఇసుక. విరిగిన చెక్కలకు ఎడంగా ఒక సన్నటి దారి మిగిలింది. ముళ్లు లెక్కపెట్టాను. రెండోసారి లెక్కపెట్టాను.

"ఎంత?" అంది.

నిన్నటి నుంచి నాతో ఆమె అన్న మొదటి మాట అది.

"ఆరు."

తెడ్డు ఆగింది. దాని చివరి నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా జారుతున్నాయి.

"ఆరంటే ఎంత నాన్నా?"

నోరు తెరిచాను. చల్లగాలి లోపలికి పోయింది. అవతల మూడు పడవలు తేలుతున్నాయి, మునుగుతున్నాయి, తేలుతున్నాయి. వాటిలోని మనుషులు మా వైపే చూస్తున్నారు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది... నీటి అడుగు చూస్తున్నట్టు, ఇంకా తగలని దేనికోసమో చూస్తున్నట్టు.

చుట్టూ నీళ్లు. నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత లేదు.

అంతా సీసం రంగే.