ఎంకటి ముక్కు

పసుపు ఉడికే వాసన ముందు పచ్చిగా ఉంటుంది. తడి మట్టి, వేరు, చేదు…

కాసేపటికి ఆ పచ్చితనం పోతుంది. గొంతులోకి వెచ్చగా దిగే వాసన ఒకటి వస్తుంది.

ఈ రెండింటి మధ్యా ఒక్క క్షణం. ఆ క్షణాన్ని పట్టుకోవడమే పని.

ఎంకటి దాన్ని ముక్కుతో పట్టేవాడు.

మిగతావాళ్లంతా చీపురు పుల్ల గుచ్చి చూస్తారు. పుల్ల దిగితే ఉడికినట్టు. ఎంకటికి పుల్లతో పని లేదు. ట్రాక్టర్ వెనక పసుపు ఉడకబెట్టే బాయిలర్ తగిలించుకుని ఆలూర్ నుంచి కమ్మర్‌పల్లి దాకా చేను చేనుకూ తిరుగుతాడు. పది అడుగుల దూరాన పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, తల తిప్పకుండానే "బంద్ చెయ్" అంటాడు. పసుపు పోసిన డ్రమ్ము దగ్గరున్న మనిషి ఆవిరి చక్రం తిప్పి ఆపేస్తాడు. ముప్పై ఏళ్లలో ఒక్క డ్రమ్ము చెడిందన్న మాట లేదు. అందుకే రైతులు తవ్విన పసుపు కుప్పలు పోసుకుని ఆయన వంతు కోసం వారమైనా కాచుకుంటారు.

భూమేష్ ఇంటివాళ్లూ కాచుకున్నారు.

భూమేష్ గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఎనిమిది నెలలు. నడుం పోగొట్టుకుని వచ్చాడు. బరువెత్తితే మంచం పడతావన్నాడు డాక్టరు. భార్య స్వర్ణలత పసుపు తట్టలు మోస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేవాడు. చూడలేక ఫోన్ చూసేవాడు.

ఫోన్‌లో ఒక ఆట.

గల్ఫ్ క్యాంపులో పక్క మంచం ముఖేష్ ఎక్కించి ఇచ్చాడు. కార్డుల ఆటే, కానీ పేకాట కాదు. ఒక బురుజు. అంతస్తుకో రాక్షసుడు. చేతిలో పది బక్క కార్డులు. ఒకణ్ణి కొడితే మూడు కొత్త కార్డులు చూపిస్తుంది, ఒకటి తీసుకోవచ్చు. చచ్చావా — సంపాదించిందంతా పోయె. మళ్లీ కింది మెట్టు. మళ్లీ అవే పది.

మొదట్లో తిట్టుకున్నాడు. ఇదేం దిక్కుమాలిన ఆటరా, గెలిపించదు, నేర్పించదు, నవ్వుతూ చంపుతుంది అనుకున్నాడు. రెండుసార్లు ఫోన్‌లోంచి తీసేశాడు. మూడోసారీ ఎక్కించాడు.

చచ్చాడు. మళ్లీ చచ్చాడు. అరవై సార్లు చచ్చాడు.

చావగా చావగా ఒక సంగతి తెలిసింది. కనబడిన మంచి కార్డునల్లా ఏరుకుంటున్నాడు. కట్ట బలిసిపోతోంది. కావలసిన కార్డు కావలసినప్పుడు చేతికి రావడం లేదు. తప్పు ఆటది కాదు, తన ఆశది. ఆ రోజు మొదటిసారి మూడు కార్డులూ చూసి, మూడూ వద్దన్నాడు. ఆ పూటా ఓడిపోయాడు. కానీ ఎందుకు ఓడాడో తెలిసింది. తెలిసినందుకు నవ్వొచ్చింది.

అప్పటినుంచి ఆట తియ్యగా అయింది.

ఓడినా తీపే. నడుం నొప్పి తెలియదు, గల్ఫ్ గుర్తురాదు, తట్ట మోసే స్వర్ణలత మెడ కనబడదు. ముప్పై ఆరేళ్ల మనిషిని, ఆరో తరగతి చదివే పిల్ల తండ్రిని, ఇదేం పాడు సంబురం… అని సిగ్గుపడేవాడు. సిగ్గుపడుతూనే ఆడేవాడు.

బాయిలర్ తమ చేనుకు వచ్చిన రోజు అతనికీ ఒక పని దొరికింది. చక్రం దగ్గర కూర్చోవడం. ఎంకటి బంద్ అంటే తిప్పడం. బరువు లేని పని. ఎనిమిది నెలల తర్వాత దొరికిన పని. స్వర్ణలత ముఖంలో కూడా వెలుగొచ్చింది.

పొద్దున్నుంచి ఆరు డ్రమ్ములు బంగారంలా దిగాయి.

ఏడో డ్రమ్ము ఎక్కింది. భూమేష్ ఫోన్ తీశాడు.

బురుజు పై అంతస్తు. ఎప్పుడూ చేరని అంతస్తు. ఎదుట ఆఖరి రాక్షసుడు. చేతిలో ఐదు కార్డులు. సన్నటి కట్ట, ఏరికోరి కట్టుకున్న కట్ట. సరిగ్గా వేస్తే గెలుపు. తప్పేస్తే అంతా పోతుంది.

"బంద్ చెయ్" అన్నాడు ఎంకటి.

భూమేష్ తల ఎత్తలేదు.

"చేసిన" అన్నాడు.

ఎందుకన్నాడో అతనికీ తెలియదు. ఒక్క కార్డు వేసి తిప్పుదామనుకున్నాడు. ఒక్కటే. ఎంకటి ఆ మాట నమ్మి అవతలి డ్రమ్ము దింపించడానికి కూలీలతో పోయాడు. ఒక కార్డు రెండైంది. రెండు ఐదయ్యాయి. రాక్షసుడు పడ్డాడు. తెర మీద బంగారు వెలుగు… భూమేష్ గుండెలో ఏదో ఎగిరింది. పెళ్లినాడు ఎగిరినట్టు, బిడ్డ పుట్టిందని క్యాంపులో ఫోన్ వచ్చిననాడు ఎగిరినట్టు. దాచుకోవడమెందుకు, అంతే సంతోషం.

తర్వాత చక్రం చూశాడు. తిప్పాడు.

మూత తీస్తే పసుపు కొమ్ములు మెత్తగా, చితికి ఉన్నాయి. రంగు చచ్చింది. స్వర్ణలత ఒక కొమ్ము వేళ్ల మధ్య నొక్కింది. ముద్దయిపోయింది. తొమ్మిది నెలలు కలుపు తీసిన చేతులు కొంగుకు తుడుచుకుంది.

అందరూ ఎంకటి వైపు చూశారు.

ఎంకటి ఒక కొమ్ము ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. "నా తప్పే" అన్నాడు. "చెప్పుడు ఆలస్యమైంది."

భూమేష్ అప్పుడే చెప్పాల్సింది. ఆటలో ఉన్నా కాకా, అనాలి. ఇంత మనిషివి, కార్డుల కోసం పంట పాడుచేశావా, అంటారు. దొరక్క దొరికిన ఆ చిన్న పనీ పోతుంది. స్వర్ణలత ముఖంలో ఆ వెలుగూ పోతుంది. అనలేదు.

ఇంకో సంగతి అతన్ని ఎక్కువ కోసింది. ఆ ఆటలో తొందర లేదు. కార్డు వేసేదాకా రాక్షసుడు కత్తి ఎత్తడు. గంటసేపు పక్కన పెట్టినా, రోజంతా పెట్టినా అక్కడే ఉంటాడు. చక్రం తిప్పి వచ్చి ఆడినా అదే గెలుపు. ఆగే ఆట కోసం ఆగని పసుపును పాడుచేశాడు.

సాయంత్రానికే మాట పాకింది. కమ్మర్‌పల్లి రైతు గజేందర్ తన వంతు రద్దు చేసుకున్నాడని, ముసలాయన ముక్కు పనిచేస్తలేదట అన్నాడని కూలీలు చెప్పుకున్నారు. ఎంకటి వినీ విననట్టు ఉన్నాడు. అన్నం మాత్రం సగంలో వదిలేశాడు.

ఇంటికొచ్చాక భూమేష్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడుపు రావాల్సిన చోట ఆ బంగారు వెలుగు వచ్చింది. ఆ కార్డు, ఆ దెబ్బ, ఆ గెలుపు… కళ్లు మూసుకుంటే సంతోషమే ముందు వస్తోంది. థూ, అనుకున్నాడు. అయినా అదే వస్తోంది.

మర్నాడు పొద్దున, మిగిలిన పసుపు. మొదటి డ్రమ్ము ఎక్కింది.

భూమేష్ ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చాడు. చక్రం మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. ఆవిరి లేచింది. ఎంకటి పొయ్యి దగ్గర నిలబడలేదు. డ్రమ్ము దగ్గరికే వచ్చాడు. చేతిలో చీపురు పుల్ల.

ఆ పుల్లను చూశాడు భూమేష్. ఇక ఉండలేకపోయాడు.

"కాకా… నిన్న నువ్వు చెప్పినప్పుడు…"

ఎంకటి చెయ్యెత్తి ఆపాడు.

"వద్దు బిడ్డా. నువ్వు దగ్గరున్నవ్, నా ముక్కు తప్పిందని నీకు తెల్సు. నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యొద్దని సప్పుడు జెయ్యకుండున్నవ్. గది నేను మర్శిపోను."

చెమటతో తడిసిన అరచెయ్యి భూమేష్ భుజం మీద వేశాడు. అభిమానంగా నొక్కాడు. ఆ చెయ్యి కింద భూమేష్ మాట మళ్లీ లోపలికి పోయింది.

డ్రమ్ములోంచి ఆవిరి ఇద్దరి ముఖాల మీదికీ వచ్చింది. ఎంకటి వంగి ఒకసారి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు. పుల్ల గుచ్చబోయి, పుల్లనూ నమ్మలేనట్టు ఆగిపోయాడు.

"ఉడికిందంటవా? బంద్ చెయ్యాల్నా బిడ్డా?" అని అడిగాడు.

భూమేష్ గట్టిగా ఊపిరి పీల్చాడు. పచ్చిదో, వెచ్చనిదో… అతనికి ఏమీ తెలియలేదు.

ఎంకటి జవాబు కోసం అతని ముఖంలోకే చూస్తున్నాడు.