ముగ్గురు గీసిన ఈదయ్య

సూర్యాపేటలో దామోదర్ సార్ దుకాణం ముందు ఒక బోర్డు ఉంది. "దామోదర్ ఆర్ట్స్" అని పెద్ద అక్షరాలు, దాని కింద "ఉన్నది ఉన్నట్టు" అని ఇంకా పెద్ద అక్షరాలు. ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరుగా ఏళ్ల తరబడి పిల్లల చెవులు మెలిపెట్టి, రిటైరయ్యాక సార్ ఆ దుకాణం పెట్టారు. పెళ్లయిన జంటలు, పోయిన పెద్దలు, పోవడానికి ఇంకా ఒప్పుకోని మాజీ సర్పంచులు, అందరి బొమ్మలూ నూనె రంగుల్లో వేసిస్తారు. ఎవరైనా పొరపాటున "మీ స్టైల్ బాగుంది సార్" అన్నారా, ఇక ఆ పూట వాళ్లకు చాయ్ దొరకదు. అద్దానికి స్టైల్ ఉంటుందా అని సార్ అడుగుతారు. ఎదుటివాళ్లు జవాబు వెతుక్కునేలోపు, తాను కూడా అద్దమేనని ఆయనే తేల్చేస్తారు.

ఈ వాదన సూర్యాపేట దాటనంత కాలం ఎవరికీ నష్టం లేదు. ఖర్మ కాలి సార్ ఒకసారి కోదాడ వెళ్లారు.

అక్కడ ఒక ఫంక్షన్ హాల్లో చిత్రకారుల సభ. శాలువాలు ఎక్కువ, చిత్రాలు తక్కువ. కోదాడ కుర్రాడు నవీన్, హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చినవాడు, మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. కనిపించేది కనిపించినట్టు వేసేవాళ్లు ముగ్గురిని ఒకే మనిషి ముందు కూర్చోబెట్టినా మూడు బొమ్మలు వస్తాయని, ఆ తేడా దగ్గరే చిత్రకారుడు దొరికిపోతాడని చెప్పాడు. ముందు వరుసలో ఉన్న దామోదర్ సార్‌కు ఒళ్లు మండిపోయింది. శాలువా కప్పించుకునే దాకా ఓపిక పట్టి, కప్పించుకున్నాక లేచి నిలబడ్డారు.

"దిద్దుకోరాని తప్పులకు స్టైల్ అని ముద్దుపేరు పెట్టుకున్నరు," అన్నారు, మైకు అక్కర్లేని గొంతుతో. "ఉన్నది ఉన్నట్టేస్తే ముగ్గురు కాదు, ముప్పై మంది ఏసినా ఒక్కటే బొమ్మ వస్తది."

"అయితే వేసి చూద్దామండి మాస్టారూ," అన్నాడు నవీన్ వినయంగా. వినయంగా అనేసరికి సార్‌కు ఇంకా మండింది.

పందెం అక్కడికక్కడే ఖాయమైంది. ఒకే మనిషి, ఒకే వెలుతురు, ఒకే కొలత కాన్వాసులు, సంతకాలు లేవు. ముగ్గురి పాత బొమ్మలు తలా ఒకటి పక్కన పెట్టి, ఎవరి చేతినీ ఎరగని మనిషిని తెచ్చి, ఏ కొత్త బొమ్మ ఏ పాత బొమ్మ వేసిన వారిదో చెప్పమంటారు. చెప్పలేకపోతే నవీన్ మళ్లీ అదే మైకులో స్టైల్ అనేదంతా ఉత్తదేనని ఒప్పుకోవాలి. చెప్పగలిగితే సార్ తన బోర్డు దించెయ్యాలి. సార్ దించేదేముంది, అది నా తర్వాత కూడా ఉంటుందని ధీమాగా అన్నారు. అన్నారు గానీ, ఆ రాత్రి బస్సులో వస్తున్నంతసేపూ బోర్డు గురించే ఆలోచించారు. దాని మీది ఆ రెండు మాటలు తప్ప తనకు వేరే ఆస్తి లేదని ఆయనకు తెలుసు.

మూడో మనిషి శైలజ. మిర్యాలగూడలో రైసు మిల్లుల వెనక సందులో ఉండి, అడిగిన వాళ్లకు బొమ్మలు వేసిస్తుంది. ఆ సభలో వాళ్లిద్దరి మధ్య కుర్చీలో కూర్చోవడమే ఆమె చేసిన నేరం. ముగ్గురు కావాలి కదా, నువ్వు కూడా రామ్మా అన్నారు. సార్ కోదాడకు రానన్నారు, నవీన్ సూర్యాపేటకు రానన్నాడు, కాబట్టి మధ్యలో ఉన్న మునగాల అందరికీ న్యాయమన్నారు. రెండు బస్సులు మారి రావలసిన శైలజను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మునగాల దగ్గర హైవే మీద ఈదయ్యకు ధాబా ఉంది. లారీలు ఆగుతాయి, కార్లు ఆగుతాయి, ఎండాకాలంలో దుమ్ము కూడా అక్కడే ఆగుతుంది. పైసా ఖర్చు లేకుండా మూడు బొమ్మలు వస్తాయనగానే ఈదయ్య మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఒకటి గల్లా మీద, ఒకటి ఇంట్లో, ఒకటి వచ్చే ఎలక్షన్లలో పనికొస్తుందని లెక్క వేసుకున్నాడు. భార్య చంద్రమ్మ కూతురి పురుటికని అనంతగిరి వెళ్లింది. ఆమె ఇంట్లో లేని సంగతి అతని చొక్కా మీద, తల మీద, వెనక గోడకు వంకరగా వేలాడుతున్న క్యాలెండరు మీద కనిపిస్తూనే ఉంది.

ఆదివారాలు పొద్దున పూట కూర్చునేవారు. ఒకరిది ఒకరికి కనబడకుండా మధ్యలో పాత ఫ్లెక్సీలు కట్టారు. గెలిచిన నాయకులు, ఓడిన నాయకులు చేతులు జోడించి ఇటు సార్‌కు, అటు నవీన్‌కు దండాలు పెడుతూ నిలబడ్డారు. ఈదయ్య కుర్చీలో కుడిచెయ్యి కుర్చీ చేతి మీద, ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి, బిర్యానీ ఆర్డర్లు అరుస్తూ కదలకుండా కూర్చునేవాడు. అతనికి చేతనైనంతలో అదే కదలకపోవడం.

దామోదర్ సార్ పని చూసి తీరవలసింది. ఒక కన్ను మూసి, చెయ్యి బారుగా చాచి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ ఈదయ్య ముక్కు కొలిచారు. చెవికీ ముక్కుకూ ఎంత దూరమో కొలిచారు. కొలిచిన ముక్కునే మళ్లీ కొలిచారు. రెండో ఆదివారం ఫ్లెక్సీ అవతల నుంచి నవీన్ ఈలపాట వినబడింది. చేతిలో పెన్సిలు కూడా లేదేమో వీడికి అని సార్ జాలిపడ్డారు. శైలజ వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఆమె వస్తుంది, వేస్తుంది, చాయ్ తాగి బస్సు ఎక్కుతుంది. చివరి ఆదివారం సార్ చేతులు వేసి ముగించారు. చేతులంటే ఆయనకు కొట్టిన పిండి. ఎనిమిదో తరగతికి ఏటా చేతులు నేర్పినవారు, వేళ్లు లెక్క తప్పి గీసిన పిల్లాడి చెవి ఎర్రబడే దాకా వదలనివారు. కుంచె కడుక్కుని బొమ్మ వంక మురిపెంగా చూసుకున్నారు. ఇంతకంటే ఉన్నది ఉన్నట్టు ఎవడు వేస్తాడని అనుకున్నారు.

తీర్పు చెప్పే మనిషి కోసం ఎక్కువ వెతకలేదు. చంద్రమ్మ మనవణ్ణి చూసుకుని అనంతగిరి నుంచి అప్పుడే దిగింది. ముగ్గురిలో ఎవరినీ ఎరగదు, ఎవరి బొమ్మా చూడలేదు, బొమ్మల గురించి ఆమెకు అభిప్రాయాలు కూడా లేవు. సార్‌కు ఇది మరీ నచ్చింది. చదువుకున్నవాళ్లయితే లేనిది కూడా చూస్తారని ఆయన భయం.

ధాబా గోడకు మూడు పాత బొమ్మలు ఆనించారు. సార్ వేసిన రిటైర్డు హెడ్మాస్టరు, నవీన్ వేసిన కోదాడ బస్టాండు జామపండ్ల మనిషి, శైలజ వేసిన మిల్లు కూలి ఆడమనిషి. వాటికి ఎదురుగా ముగ్గురు ఈదయ్యలను పెట్టారు. ముగ్గురికీ పోలిక చక్కగా కుదిరింది. ముక్కు అదే, మీసం అదే, కణత మీద పుట్టుమచ్చ అదే. తిన్న ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లారీ డ్రైవర్లు వచ్చి అచ్చం అన్న లెక్కనే ఉన్నాడన్నారు. దామోదర్ సార్ నవీన్ వంక ఒక చూపు చూశారు. ఆ చూపులో మైకు, హాలు, క్షమాపణ అన్నీ ఉన్నాయి.

చంద్రమ్మ బొమ్మల ముందు కొంగు నడుముకు దోపి నిలబడింది. బజార్లో వంకాయలు ఏరే మనిషికి పట్టేంత సేపు కూడా పట్టలేదు ఆమెకు. మొదటిదాన్ని జామపండ్ల మనిషి పక్కకు జరిపించింది. ఇందులో మా ఆయన కంటే ఆయన చేతి పక్క స్టీలు గిలాస ఎక్కువ మెరుస్తున్నదని, ఆ జామపండ్లు కూడా అట్లనే మెరుస్తున్నాయని చెప్పింది. నవీన్ తల గోక్కున్నాడు. రోడ్డు మీది ఎండ ఎక్కడ పడితే అతని కన్ను అక్కడికే పోతుంది. ఆ బొమ్మలో రోడ్డు వైపు ఈదయ్య మొహం సగం ఎండలో కరిగిపోయి ఉంది, చేతులు నీడలో పడిపోయాయి. రెండోదాన్ని మిల్లు కూలి పక్కన పెట్టించింది. హైవే మీద మనిషికి మిల్లు దుమ్ము ఎట్ల పట్టిందోనని ఆశ్చర్యపోయింది. ఆ బొమ్మలో ఈదయ్య కుర్చీలో బస్తా దించినట్టు బరువుగా కూలబడి ఉన్నాడు, చేతులు మొహం కంటే ముందుకు వచ్చి ఉన్నాయి. శైలజ తప్పు చేసిన పిల్లలా నేల చూసింది.

మిగిలింది ఒకటి. మిగిలింది కాబట్టి సరిపోయిందని, అది తెలివి కాదని సార్ అభ్యంతరం చెప్పబోయారు. చంద్రమ్మ ఆ బొమ్మకు దగ్గరగా వంగింది.

"గీ గుండీ ఎవరు కుట్టిన్రు?" అని అడిగింది. "నేను పోయేటప్పుడు ఊడిపోయి ఉండె. వచ్చినంక కుడతనని చెప్పి పోయిన."

అందరూ ఈదయ్య చొక్కా వంక చూశారు. రెండో గుండీ ఉండవలసిన చోట దారం పోగు వేలాడుతోంది. కాన్వాసు మీద గుండీ నున్నగా, తెల్లగా, మెడ దాకా బిగించి ఉంది. చంద్రమ్మ ఆగలేదు. బొమ్మలో తల దువ్వి ఉందంది. క్యాలెండరు తిన్నగా ఉందంది. కాలరు మీద పులుసు మరక ఏదని అడిగింది. తర్వాత హెడ్మాస్టరు బొమ్మ వైపు తిరిగి, ఈయనను కూడా ఎవరో తయారు చేసి కూర్చోబెట్టారని, ఇద్దరినీ బడికి తోలేది ఒక్కరేనని తేల్చింది.

"ఉండాల్సినకాడ ఉన్నది, ఏసిన," అన్నారు సార్. నోటి నుంచి వచ్చాక ఆ మాట ఆయన చెవికే బాగోలేదు. నవీన్ నవ్వితే బాగుండేది, తిట్టడానికి వీలుండేది. వాడు నవ్వలేదు.

అప్పటికే చంద్రమ్మ చూపు బొమ్మలో మోకాలి మీద ఉన్న ఎడమచేతి దగ్గర ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈదయ్య లేచి వచ్చి ఆమె పక్కన నిలబడి, తన చెయ్యి చూసుకుని, బొమ్మలో చెయ్యి చూశాడు. అతని చూపుడువేలు నడిమి కణుపు దగ్గరే ఆగిపోతుంది. బొమ్మలో ఐదు వేళ్లూ నిండుగా, గోళ్లతో సహా, వరసగా ఉన్నాయి.

దామోదర్ సార్ వంగి బొమ్మలో వేళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఇన్ని ఆదివారాలు ఆ చేతిని కొలిచారు. కొలిచింది గుర్తుంది. చూసింది గుర్తులేదు. శైలజ బొమ్మలో ఆ మొండివేలు అందరికంటే ముందుకు వచ్చి కూర్చుంది. నవీన్ నీడలో కూడా అది మొండిగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు వేసే మహానుభావుడు ఒక్కడే దానికి మిగతా సగం తగిలించాడు.

ఈదయ్య మురిసిపోతాడని సార్‌కు ఒక్క క్షణం ఆశ కలిగింది. పోయిన వేలు తిరిగొస్తే ఎవరికి చేదు?

"సార్, గా వేలు చెరుకు రసం మిషన్ల పోయింది," అన్నాడు ఈదయ్య నెమ్మదిగా. ఆర్డర్లు అరిచే గొంతు కాదది. "గది పోయినంకనే రసం బండి ఇడిసిపెట్టి గీ ధాబా పెట్టిన. అప్పటి సంది గిదే చేత్తోని బతుకుతున్న. గిది తప్పని దిద్దినవా?"

సార్ సిగ్గుతో చచ్చిపోయారు. ఎన్ని చెవులు మెలిపెట్టారో అన్నీ ఒకేసారి మండినట్టనిపించింది. సూర్యాపేటలో తాను వేసిచ్చిన బొమ్మలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్కరి నెత్తి మీదా చెదిరిన వెంట్రుక లేదు, ఒక్కరి పన్నూ వంకర లేదు. ఇంటింటికీ వెళ్లి ఎవరిది ఏం దిద్దానో అడిగే ధైర్యం లేదు, అయినా ఇప్పుడు అడగనక్కర్లేదు.

"బోర్డు రేపు దించేస్త," అన్నారు. "దానికంటే ముందు గీ వేలు సరిచేస్త."

శైలజ తన రంగుల డబ్బా తెరిచి ముందు పెట్టింది. సార్ బొమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఈదయ్య పక్కనే కుర్చీ లాక్కుని, చెయ్యి మోకాలి మీద పెట్టి చూపించాడు. ఈసారి సార్ పెన్సిలు తీయలేదు. చూశారు. ఆ మొండివేలు కొస ఒక పక్కకు ఒరిగి, కుట్లు పడ్డచోట లోపలికి ముడుచుకుని, అడ్డదిడ్డంగా ఉంది. అంత దగ్గరగా ఒక మనిషి చెయ్యి చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. మోకాలి మీది లుంగీ గళ్ల రంగు కలిపి గోరును ముందు కప్పేశారు. తర్వాత వేలిని కప్పారు. ధాబాలో వడ్డన ఆగిపోయింది. హారన్లు కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు, వెళ్లి చూసే నాథుడు లేడు.

చివరికి కొస మిగిలింది. సార్ దాన్ని వేశారు. వెనక్కి వంగి చూస్తే గుండ్రంగా, నున్నగా, పెళ్లికి తయారైన వేలులా వచ్చింది. మళ్లీ దగ్గరికి వెళ్లి ఒక గీత వంకరగా పెట్టారు. ఆ వంకర కూడా పొందిగ్గా కుదిరింది. చెరిపి మరోసారి వేశారు. ఈసారి ఇంకా శుభ్రంగా వచ్చింది. ఎదురుగా ఉన్నది కనబడుతూనే ఉంది, ఒరిగింది, ముడుచుకుంది, అన్నీ కనబడుతున్నాయి. చెయ్యి మాత్రం తనకు తోచినట్టే పోతోంది. మరోసారి చెరపబోతుంటే ఈదయ్య ఆ మొండివేలి చేత్తోనే ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఇగ సాలు సార్," అన్నాడు. "వేలు నాది. గా నున్నదనం నీది. ఉండనియ్."