దస్తగిరి కాలు కింద పెట్టిన చోటు

నేను ఒక సైకిల్‌ను. ఇరవై రెండు అంగుళాల నల్ల ఫ్రేము, రాడ్డు బ్రేకులు, వెనక చక్రంలో రెండు స్పోకులు తక్కువ. సైకిల్ అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయేదని మీరు అనుకుంటారు. పుట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ పదమూడేళ్ళు నేను ఎక్కడికీ పోకుండా ఊరికే తిరిగాను.

ఉత్తరాదిన ఎక్కడో కర్మాగారంలో నన్ను వంచి, అతికి, నల్లరంగు పూసి కదిరికి పంపారు. మొదట నన్ను కొన్నది పశువుల ఆసుపత్రి కాంపౌండరు. క్యారియర్ మీద ఆయన సూదుల పెట్టె చూడగానే ఎనుములు పలుపులు తెంపుకునేవి. నన్ను చూసే భయపడుతున్నాయని కొన్నాళ్ళు నొచ్చుకున్నాను. ఆయనకు బదిలీ అయినప్పుడు దస్తగిరి వచ్చి నన్ను తీసుకుపోయాడు.

దస్తగిరి పని ఏడు రోజులు దిగకుండా సైకిల్ తొక్కడం. ఊరి మైదానంలో గుంజ పాతి, మైకు కట్టి, రంగు కాగితాలు వేలాడదీస్తే, ఆ గుంజ చుట్టూ నేనూ అతనూ తిరిగేవాళ్ళం. అన్నం తినడం, గడ్డం గీసుకోవడం, బిందెతో నీళ్ళు పోసుకోవడం అన్నీ నా మీదే. మిగతా అవసరాల సంగతి అడక్కండి, వాటికీ అడ్డం దుప్పటి పట్టుకుని పక్కన పరిగెత్తే మనుషులు ఉండేవాళ్ళు. ఒక మనిషి ఎక్కడికీ పోకుండా ఉండటం చూడటానికి జనం మూడు ఊళ్ళ అవతల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. మనుషుల సరదాలు నాకు ఇప్పటికీ అంతుబట్టవు.

కుడిచేయి జనానికి దండం పెట్టడానికి ఖాళీగా ఉండాలని అతను ఎప్పుడూ ఎడమకే తిప్పేవాడు. అలా తిరిగి తిరిగి నా హ్యాండిల్‌కు ఎడమ వైపు లాగే గుణం పట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. నల్లగుట్లపల్లెలో నాలుగో రోజు మధ్యాహ్నం జనమంతా అన్నాలకు పోయారు. పొద్దుటి నుంచి దస్తగిరికి ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తిరుగుతున్నాయి. నన్ను గుంజకు ఆనించి దిగాడు. నీళ్ళ డ్రమ్ము వెనక నీడలో చెంబెడు నీళ్ళు తాగేంత సేపు కూర్చున్నాడు. తరువాత మళ్ళీ ఎక్కాడు. అంతే. నాకైతే అది తప్పనిపించలేదు.

మైదానం పక్కన టీ కొట్టు నడిపే ఓబులమ్మ నీళ్ళకోసం వచ్చి అది చూసింది. ఆమె చాడీలు చెప్పే మనిషి కాదు. సాయంత్రం ఎవరో దస్తగిరిని పొగుడుతుంటే, మధ్యాహ్నం దిగి కూర్చున్నాడు పాపం, జ్వరమేమో చూడండి అంది. పెద్దమనుషులు వచ్చి అడిగారు. అప్పుడు దస్తగిరి నా హ్యాండిల్ మీద చెయ్యి వేసి, తనకు అన్నం పెట్టే ఈ సైకిల్ సాక్షిగా కాలు కింద పెట్టలేదని ఒట్టు వేశాడు. సాక్షిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఊరికీ ఆ మాటే కావలసి వచ్చింది. పక్క ఊళ్ళో ఇంతకుముందు ఒకడు అయిదు రోజులే తొక్కాడు, తమ ఊళ్ళో ఏడు పూర్తి కావాలి. అందుకని అందరూ కలిసి ఓబులమ్మనే అబద్ధాలకోరును చేశారు. ఏడో రోజు దస్తగిరి మెడలో దండ వేశారు.

పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఇంటింటికీ టీవీలు వచ్చాక మమ్మల్ని చూసేవాళ్ళు లేరు. దస్తగిరి కదిరి బయట పంక్చర్ల కొట్టు పెట్టుకున్నాడు, నేను దాని గోడకు ఆనుకున్నాను. ఒకరోజు ఇద్దరు మనుషులు బండికి గాలి పట్టించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఏదో గొప్పలు పోతే, రెండోవాడు నవ్వి, “ఓబులమ్మ చూసినట్టుండాది లే నీ మాట” అన్నాడు.

దస్తగిరి చేతిలో పంపు ఆగిపోయింది. అదేం మాట అని అడిగాడు. మా నల్లగుట్లపల్లెలో ఎవరైనా అబద్ధమాడితే అట్లే అంటామని ఆ మనిషి తేలిగ్గా చెప్పాడు. ఆ ఓబులమ్మ ఉందా అంటే, ఉంది, ఇంకా టీ కొట్టు నడుపుతోందన్నాడు.

ఆ రోజు దస్తగిరి అన్నం ముట్టలేదు. భార్య కుళ్ళాయమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పేశాడు. పొద్దున బస్సులో పోయి చెప్పి రమ్మంది ఆమె. అతను తల అడ్డంగా ఊపాడు. “దీని మీద పోతా. ఆయమ్మ ముందర తప్ప యాడా కాలు కింద పెట్టను,” అన్నాడు. కుళ్ళాయమ్మ నా వైపూ, అతని మోకాళ్ళ వైపూ చూసింది. “సరే. చెప్పకుండా మాత్రం తిరిగి రావద్దు,” అంది.

నలభై కిలోమీటర్లు. పొద్దు పొడుస్తూనే అరుగు మీద నుంచే నా మీదికి ఎక్కాడు. దారి పొడుగునా వేరుశనగ చేలు, చింతచెట్లు, ఒక మిట్ట ఎక్కితే ఒక పల్లం, పల్లంలో వంక, మళ్ళీ మిట్ట. కంటికి మెత్తగా కనిపిస్తాయి ఆ మిట్టలు, ఎక్కేవాడికి తెలుస్తుంది. గుండ్రంగా తిరిగినన్నాళ్ళు మాకు ఎత్తూ పల్లమూ తెలియవు. మొదటి మిట్టకే అతని ఊపిరి నా బెల్లు కంటే గట్టిగా వినిపించింది. పైగా నేను ఎడమకు లాగి రెండుసార్లు కంపచెట్లలోకి పోబోయాను. నా పాడు గుణానికి నాకే సిగ్గేసింది. అతను మాత్రం నన్ను తిట్టలేదు, కుడిచేత్తో గట్టిగా తిప్పి పట్టుకున్నాడు.

రైలు గేటు దగ్గర దారి మూసి ఉంది. ఆగితే కాలు పెట్టాలి. గేటు ముందు, లారీల మధ్య, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాడు. రైలు వచ్చేదాకా ఇరవై నిమిషాలు తిరిగాం. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. పిచ్చోడు పాపం అన్నారు. ఒకప్పుడు ఇందుకే దండలు వేసేవాళ్ళు.

ఆరో మిట్ట సగంలో నా చైను ఊడింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. పీకిన వేరుశనగ చెట్లు నింపుకున్న ట్రాక్టరు ఒకటి పక్కన ఆగి ఉంది. దస్తగిరి ఎడమచేత్తో దాని ట్రాలీ పక్కచెక్క పట్టుకుని, ఒళ్ళంతా వంచి, కుడిచేత్తో చైను పళ్ళ మీదికి ఎక్కించాడు. రెండుసార్లు జారింది, వేలు తెగింది. మూడోసారి పట్టింది. దిగి వేసుకోవచ్చు కదన్నా అని డ్రైవరు అడిగాడు.

“దిగేది ఈడ కాదులేప్పా,” అన్నాడు దస్తగిరి.

నల్లగుట్లపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొట్టు అక్కడే ఉంది. ఓబులమ్మ జుట్టు ముగ్గుబుట్ట అయింది. బల్ల మీద అయిదుగురు టీ తాగుతున్నారు. ఆమె ముందుకు పోయి, నన్ను నిలిపి, దస్తగిరి కాలు కింద పెట్టాడు.

“అమ్మా, నేను సైకిల్ దస్తగిరిని. ఆ పొద్దు నేను దిగినా. డ్రమ్ము వెనక కూచున్నా. నువ్వు చూసింది నిజం. నేను వేసింది దొంగ ఒట్టు.”

ఓబులమ్మ ఏడవలేదు, తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. ముందు ఒక టీ పోసి ఇచ్చింది. అతను తాగేదాకా ఉండి స్టవ్వు ఆర్పేసింది.

“ఈడ ఐదుమందే ఉండారు. ఊర్లో నూటిరవై ఇండ్లు. ప్రతి ఇంట్లో పిల్లోళ్ళకు కూడా నా పేరు అబద్ధమని నేర్పినారు. ఇంటింటా చెప్పల్ల. పా.”

అలా నన్ను నడిపించుకుంటూ అతను, పక్కనే ఆమె, ఊరంతా తిరిగాం. ప్రతి గడప ముందూ అవే మాటలు. కొందరు నవ్వారు. చిన్నవాళ్ళకు ఓబులమ్మ అనే మనిషి నిజంగా ఉందనీ, ఆమె తమకు రోజూ టీ పోసే అవ్వేననీ అప్పుడే తట్టింది. ఆనాడు దస్తగిరికి దండ వేసిన పెద్దాయన మంచం మీద నుంచి లేచి, ఇన్నేళ్ళకు వచ్చి ఊరి పరువు ఎందుకు తీస్తావని కోపం చేశాడు. ఓబులమ్మ దస్తగిరి వైపు తిరిగింది.

“మామకు సరిగా వినపడలేదేమో. ఇంకోతూరి చెప్పు,” అంది.

అతను ఇంకోసారి చెప్పాడు. పెద్దాయన తల వంచుకున్నాడు. ఓబులమ్మను పేరు పెట్టి కాక, అమ్మా అని పిలిచి, తప్పు మాది కూడా అన్నాడు. ఆమె తల ఊపి పక్క గడపకు నడిచింది.

చివరి ఇంటికి దస్తగిరి గొంతు పోయింది. సాయంత్రం బస్సు వచ్చే వేళ అయింది. ఓబులమ్మ నా సీటు మీద చెయ్యి వేసి, నన్ను అక్కడే వదిలి పొమ్మంది. అతను పోయాక ఊరు మళ్ళీ మాట మార్చకుండా సాక్ష్యం ఒకటి ఉండాలంది. దస్తగిరి చాలాసేపు నా హ్యాండిల్ వదల్లేదు. నాకూ బాధేసింది, చెప్పకుండా ఎలా ఉంటాను. కానీ ఆమె అడిగినదాంట్లో అన్యాయం లేదు. అతను నన్ను కొట్టు గోడకు ఆనించి, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు.

నేను ఇప్పుడు అక్కడే ఉన్నాను. టైర్లు ఎండిపోయాయి, హ్యాండిల్‌కు ఆమె పాలు వడగట్టే గుడ్డ ఆరేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఈ సైకిల్ ఎవరిదవ్వా అని అడిగితే, ఓబులమ్మ టీ వడగట్టడం ఆపి మొత్తం చెబుతుంది. అతనికి ఆ రోజు జ్వరమన్న సంగతి కూడా వదలకుండా చెబుతుంది.